పొట్టేలు గుద్దిన బండి

మీటరు మీద అంకె మూడు లక్షలు దాటి, ఇంకా కాస్త ముందుకు నడిచి, అక్కడ ఆగింది. దాన్నెవరూ వెనక్కి తిప్పలేదు. తిప్పి ఉంటే ఇంత నిర్భయంగా కనబడేది కాదు. డ్రైవరు సీట్లో కూర్చున్న చౌడేశ్వరి ఆ అంకెల వైపే చూస్తోంది, లెక్క అర్థంకాని పిల్ల నల్లబల్ల వైపు చూసినట్లు. బుక్కరాయసముద్రం చెరువుకట్టకు ఇవతల, కొత్తగా హద్దురాళ్ళు పాతిన ప్లాట్ల పక్కన ఒకే ఒక్క వేపచెట్టు, దాని కింద ఈ ముదురు నీలం డీజిలు బండి, బండిలో ఈమె. బండి యజమాని పేరు రామలింగయ్య. ఎండుకట్టెలాంటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, భుజం మీద తువ్వాల. "ఆపక్క ప్లాట్లలో బోరు పాయింటు ఒకటి చూడల్ల తల్లీ, గంటలో వస్తా. అంతలోపల నీకు తోచినట్ల చూసుకో. తిప్పుకో, కొట్టుకో, వాసన చూసుకో. నచ్చితే మాట్లాడుకుందాం, లేకుంటే నీ బస్సు నీకుండనే ఉండాది" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, సంచిలో ఒక టెంకాయ వేసుకుని, ఎవరిదో స్కూటరు వెనక ఎక్కి వెళ్ళిపోయాడు. కొనేవాళ్ళ చేతికి బండి అప్పగించి అమ్మేవాడు వెళ్ళిపోవడం ఆమె ఇదివరకు చూడలేదు. అంతకుముందు చూసిన బండ్ల దగ్గర అమ్మేవాళ్ళు ఆమెను ఒక్క క్షణం వదల్లేదు. బానెట్ మీద చెయ్యి వేస్తే మాట అందుకున్నారు, టైరు వైపు చూస్తే టీ తెప్పించారు, మీటరు వైపు చూస్తే దేవుడి మీద ప్రమాణం చేశారు. ఆ మీటర్లన్నీ నలభై వేలు, యాభై వేలు అని చెప్పుకుంటుంటే, కింద క్లచ్ పెడలు మాత్రం అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది. ఈయనకు ఇంత ధీమా ఏమిటో, లేక ఇంత విసుగేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

గంట అన్నాడు. ఆమెకు కావలసిందీ గంటే. ఇది నాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి. నాయన సుంకప్ప, గొర్రెను కొన్నా ఎద్దును కొన్నా, ముందు పళ్ళు చూసేవాడు, నడుము మీద బొటనవేలితో నొక్కి కండ చూసేవాడు, ఆ తర్వాత అందరూ బేరానికి దిగే వేళకు ఆయన మాత్రం ఆ జీవం పక్కన చతికిలబడేవాడు. ఊరికే, అది నెమరు వేసేదాకా. "బెదిరిన గొడ్డు నెమరెయ్యదు, లోపల రోగముండేది నెమరెయ్యదు. దవడ ఆడేదాకా కూర్చోమ్మీ, అన్నీ అదే చెప్తాది" అనేవాడు. సంతలో జనం నవ్వేవాళ్ళు, సుంకప్ప గొర్రెకు పెళ్ళిచూపులకొచ్చినాడని. ఆయన పట్టించుకునేవాడు కాదు. దవడ ఆడితే లేచి దుమ్ము దులుపుకుని, అమ్మేవాడి తువ్వాల కింద చెయ్యి పెట్టేవాడు. మాటల్లేవు. తువ్వాల కింద ఇద్దరి వేళ్ళే మాట్లాడుకునేవి, ఒక వేలు నొక్కితే ఒక ధర, రెండు కలిపి నొక్కితే ఇంకో ధర, పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియకుండా బేరం తెగిపోయేది. ఆడవాళ్ళు ఆ తువ్వాల కింద చెయ్యి పెట్టరు. అయినా కొడుకుల్లేని సుంకప్ప, మంద కాపలా కాసే సాయంత్రాల్లో, కూతురికి ఆ విద్య నేర్పాడు, తువ్వాల తనది, వేళ్ళు ఇద్దరివి. ఎందుకు నేర్పాడో అప్పుడు ఆమె అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది గానీ, ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

బండికి దవడ లేదు. మరి దీని నెమరు ఏదో. తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. గుర్రుగుర్రుమంటూ ఒకే తీరుగా, నిద్రలో ఉన్న మామగారిలా. చెవి ఒగ్గి విన్నది. ఎక్కడో ఎడమవైపు ఒక చిన్న టకటక. అది రోగమా, వయసా? ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? అమ్మకు మోకాళ్ళు టకటకమంటాయి, అయినా అమ్మ హనుమక్క ఈ పొద్దు తెల్లారి కూడా రెండు బిందెలు మోసింది. యాక్సిలరేటరు మీద పాదం వేస్తే చప్పుడు లేచింది, తీస్తే తగ్గింది, సైలెన్సరు నుంచి పొగ మొదట నల్లగా, తర్వాత కనీకనపడకుండా వచ్చింది. అద్దాలన్నీ దించే ఉన్నాయి, చెరువు మీది గాలి వేడిగా లోపలికొచ్చి వేడిగానే బయటికి పోతోంది. ఏసీ మీట కళ్ళెదురుగానే ఉంది గానీ దాని జోలికి పోలేదు. డీజిలు ఆయనది. పైగా సంతల్లో తిరిగేదానికి ఏసీ ఏం చేసుకోవడానికి, ఉంటే ఉంది, లేకుంటే లేదు.

సంతల్లో తిరిగేదే ఆమె. నైటీలు, లంగాలు, పిల్లల గౌన్లు, టవళ్ళు రెండు పెద్ద మూటలు కట్టుకుని, ఉరవకొండలో బస్సెక్కితే కండక్టరుకు ఆమె ముఖం కన్నా మూటలే ముందు కనబడతాయి. ఒక ఊరి సంత అయ్యేసరికి ఇంకో ఊరి బస్సు పోయి ఉంటుంది. బండి ఒకటుంటే వారంలో ఏ రోజు సంతనూ వదలక్కర్లేదు, వెనక సీట్లు మడిచేస్తే దుకాణం మొత్తం పడుతుంది, వాన వస్తే మూటల మీద తాను పడుకోనక్కర్లేదు. వాన మాట అనుకోగానే తనకే నవ్వొచ్చింది, ఈ జిల్లాలో వానకు భయపడి బండి కొనేదాన్ని నేనొక్కతెనే అయ్యుంటాను అనుకుంది. భర్త సురేంద్ర తాపీ పని మీద ధర్మవరంలో ఉన్నాడు. ఇప్పుడు ఫోను మోగింది, ఆయనే.

"మీటరెంతుండాది?"

"మూడు లచ్చల పైన."

అవతల ఏదో సిమెంటు గమేళా కింద పడ్డ చప్పుడు. "అది బండి కాదమ్మీ. శవం. దాన్ని మోసేదానికి మళ్ళా ఇంకో బండి కావల్ల. లేచి వచ్చేయ్."

"రోంతసేపు కూర్చొని వస్తా."

"కూర్చునేదేంది, అదేమన్నా గొర్రెనా?" అన్నాడు సురేంద్ర, నవ్వాడు, నవ్వి వెంటనే మెత్తబడ్డాడు, ఎందుకంటే ఆయనకూ గుర్తుకొచ్చి ఉంటుంది. "సరే, చూడు. మీ నాయన గొర్రెలమ్మిన దుడ్లు. నీ ఇష్టం." ఫోను పెట్టేశాడు.

నీ ఇష్టం అంటే బరువు నీదే అని. నిజమే, ఆ బరువు తనదే. నాయన మందను మొన్న సంతలో అమ్మింది తనే. ఒక్కొక్క గొర్రె తాడు ఎవరెవరి చేతుల్లోకో పోతుంటే, దేనికీ పేరు పెట్టి పిలవకుండా పళ్ళు బిగబట్టి నిలబడింది. మేపేదానికి ఇంట్లో మనిషి లేడు, బయలు లేదు, ఉన్న బయలంతా సోలారు పలకలకూ గాలిమరలకూ కంచె కట్టేశారు. అమ్మ ఒక్క మాటే అంది. "అవి ఆయన కాళ్ళరిగితే పెరిగినవి. ఇనుముగా మార్చుకుంటానంటే మార్చుకో. అచ్చొచ్చే ఇనుము చూసుకో." అచ్చొస్తుందా, రాదా? మెకానిక్కు చెప్పలేని సంగతి ఇదొక్కటే, మెకానిక్కు చెప్పగలిగినవన్నీ దీని తర్వాతే. చెడ్డ చేతి నుంచి వచ్చిన జీవం మందలో నిలవదని నాయన నమ్మేవాడు. మంచి చెయ్యో చెడ్డ చెయ్యో కనుక్కోవాలంటే ఆ చెయ్యి ఇన్నాళ్ళూ ఏం చేసిందో తెలియాలి. ఈ బండి ఎక్కడెక్కడ తిరిగింది? మూడు లక్షలు ఎవరికోసం తిరిగింది?

కాళ్ళ దగ్గరి రబ్బరు చాప మడతల్లో మట్టి. వేలితో గీకింది. పైన ఎర్రమట్టి, గులకతో కలిసిన గరుకు మట్టి, అది మడకశిర వైపుది, మందతో పోయినప్పుడు కాళ్ళకు అంటితే రెండు నీళ్ళకు గానీ వదలదు. దాని కింద నల్లరేగడి, గట్టిపడి పలుకులైంది. ఇంకా కింద తెల్లగా, సున్నంలా ఏదో. ఒక్క చాప మడతలో జిల్లా అంతా ఉందే అనుకుంది. వెనక్కి ఒంగి చూస్తే డిక్కీ మూలల్లో టెంకాయ పీచు, ఎండిన నిమ్మకాయలు రెండు, పసుపు మరక, చీలిన వేపపుల్ల. ఓహో అనుకుంది. బోరు పాయింటు చూడాలని ముసలాయన అంటే, తన ఇంటి పని అనుకుంది గానీ, ఆయన పనే అది. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచే మనుషులు. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. నిలబడిన చోట రాయి పెడతారు, రాయి పెట్టిన చోట బోరులారీ వచ్చి పొడుస్తుంది. అంటే ఈ బండి మూడు లక్షల కిలోమీటర్లు నీళ్ళు వెతుక్కుంటూ తిరిగింది. తారు రోడ్డు మీద తిరిగింది సగమైనా ఉండదు, మిగతాదంతా బండ్లబాటలు, గట్లు, శనక్కాయ చేలు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని చేలు, ఎంతమంది బండి రాగానే ఎదురొచ్చి చెప్పులు విడిచి నిలబడి ఉంటారు! కొందరి చేలో నీళ్ళు పడి ఉంటాయి, వాళ్ళు ఈ బండికి దండ వేసి ఉంటారు. పడనివాళ్ళు ఏం వేసి ఉంటారో. ఆమెకు తెలుసు. పడనివాళ్ళ ఇంట్లోనే ఆమె పెరిగింది.

ఇంజను ఆపి దిగింది. నిజానికి బయటినుంచి ఇంకా సరిగా చూడనే లేదు. టైర్లు మధ్యరకం. ముందు అద్దం మూల ఒక సన్న పగులు. కుడివైపు గీతలు, కంపచెట్లు గీసినవి, అవి లెక్కలోకి రావు. వెనకనుంచి చుట్టి ఎడమవైపుకు వచ్చింది. వెనక తలుపు మీద, బాగా కిందుగా, ఒక సొట్ట. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. వంగింది. మోటారు సైకిలు గుద్దితే గీత పడుతుంది, ఆటో గుద్దితే ఇంకాస్త పైన పడుతుంది. ఇది మోకాలి ఎత్తున, గీత లేదు, రంగు ఊడలేదు, చిన్న గిన్నెతో అదిమినట్లు లోపలికి పోయి ఉంది. ఏం గుద్దితే ఇలా పడుతుంది? ఇంత పొట్టిగా, ఇంత గట్టిగా, ఇంత గుండ్రంగా? అనుకుంటూ అరచెయ్యి దాని మీద పెట్టింది. ఇనుము కాలింది, చెయ్యి తీయలేదు. నల్లోడు, అనుకుంది. మా నల్లోడు.

నల్లోడు వాళ్ళ పొట్టేలు. కుడికొమ్ము సరిగా ఉండేది, ఎడమకొమ్ము మెలి తిరిగి చెవిని కప్పేసేది. అందుకే ఏది గుద్దినా కుడిపక్క లోతుగా, ఎడమపక్క పైపైన. ఆమె తొమ్మిదో తరగతి. శనక్కాయ పైరు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిన సంవత్సరం, అలాంటి సంవత్సరాలు చాలా ఉన్నాయి గానీ ఆమెకు అదొక్కటే సంవత్సరంగా గుర్తు. చేను గట్టు మీదికి కొత్త బండి వచ్చి ఆగింది, నీలం, నీళ్ళలా మెరుస్తూ, సీట్లకు ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయలేదు. దాంట్లోంచి నల్లమీసాల లావాటి మనిషి దిగాడు, సఫారీ వేసుకుని. అందరూ పాయింటు సామి అన్నారు. పేరు ఎవరడిగారు? ఆ మీసాలు, ఆ లావు ఈ ఎండుకట్టెలోకి ఎలా కరిగాయో! ఆయన దిగి నాలుగడుగులు వేశాడో లేదో నల్లోడు మందలోంచి బయటికొచ్చి, మెరిసే తలుపులో ఇంకో పొట్టేలును చూసింది. ఆ పొట్టేలుకు కూడా ఒక కొమ్ము మెలి తిరిగి ఉంది కాబట్టి దానికి మరీ కోపమొచ్చి ఉంటుంది. వెనక్కి నడిచింది, తల వంచింది, ఢాం. ఆ చప్పుడుకు కొంగలు లేచాయి. పాయింటు సామి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, నిన్నగాక మొన్న కొన్న బండి. నాయన పరుగెత్తి నల్లోడి కొమ్ములు పట్టుకుని, దాని తరఫున తానే తల వంచి నిలబడ్డాడు.

మళ్ళీ బండెక్కింది, ఈసారి డ్రైవరు సీట్లోకి కాదు, పక్క సీట్లోకి. ఎందుకంటే నాయన కూర్చున్నది ఇక్కడ. అది ఆమె మనసులో పదిలంగా ఉంది, మిగతావన్నీ చెదిరినా. ఆ రోజు టెంకాయ చేనంతా నడిచింది, తూర్పు గట్టు నుంచి పడమటి గట్టుకు, మళ్ళీ అడ్డంగా, మళ్ళీ మూల నుంచి మూలకు, ఒక్క చోటా లేవలేదు. చచ్చిన ఎలుకలా అరచేతిలో పడుకునే ఉంది. పాయింటు సామి తల అడ్డంగా ఊపాడు. నాయన ఏదో అన్నాడు. ఇద్దరూ బండి దగ్గరికి నడిచారు. ఎక్కారు. అద్దాలు పైకి లేచాయి. మజ్జిగ చెంబు పట్టుకుని ఆమె గట్టు మీద నిలబడి చూస్తోంది, అద్దాల్లో ఆకాశం కనబడుతోంది, ఆకాశం వెనక నాయన ముఖం కొంచెం కొంచెంగా. పెదాలు కదిలాయా, లేదా? కదిలాయనే గుర్తు. చాలాసేపు. ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, ఇద్దరూ దిగారు, పాయింటు సామి టెంకాయ తీసుకుని మళ్ళీ చేలోకి పోయాడు, ఈసారి నేరుగా ఉత్తరపు మూల తంగేడు పొద దగ్గరికి. టెంకాయ లేచింది. ఆమె తన కళ్ళతో చూసింది. పీచుముడి ఆకాశం వైపు పెట్టి, నిలబడింది.

బోరులారీ రాత్రంతా పొడిచింది. తెల్లారేసరికి తంగేడు పొద, చేను, నాయన, అందరూ ఒకే రంగు, బూడిదరంగు దుమ్ము. నీటిచుక్క లేదు. ఒకటితో ఆగలేదు, పక్కనే ఇంకోటి వేశారు, అదీ దుమ్మే. బోర్ల అప్పుల కింద చేను పోయింది, ఉన్న మందా పోయింది. ఇప్పుడు ఆ తంగేడు పొద ఉన్నచోట గాలిమర తిరుగుతోంది. నాయన ఊళ్ళో వాళ్ళ గొర్రెలు సగం పాలుకు మేపాడు, పుట్టిన పిల్లల్లో సగం యజమానికి, సగం తనకు, అలా సగం సగంగా మళ్ళీ ఒక మందను నిలబెట్టాడు. ఆ మందే మొన్న సంతలో తాళ్ళు తాళ్ళుగా విడిపోయింది. ఆ మందతో ఈ బండి కొంటే? తమ చేను తిన్న బండినే కొంటే? నాయన ఉండి ఉంటే, థూ అని ఉమ్మేసేవాడా, లేక పక్కన కూర్చునేవాడా?

ఆ అద్దాల వెనక ఏం మాట్లాడుకున్నారన్నది ఇంట్లో ఎన్నేళ్ళయినా తెగని పంచాయితీ. అమ్మ లెక్క ఒకటే, బండికి సొట్ట పడిందన్న కడుపుమంటతో ఆ సామి కావాలనే దొంగ పాయింటు పెట్టి పోయాడని. మేనమామ లెక్క వేరు, సుంకప్ప ఏదో ముట్టజెప్పి టెంకాయను లేపించుకున్నాడు, బోరు వేయాలన్న పిచ్చి అలాంటిదని. చౌడేశ్వరికి చిన్నప్పుడు ఇంకోటి తోచేది, నాయన ఏడ్చి ఉంటాడని, అద్దాలు ఎత్తింది అందుకేనని. నాయనను ఒక్కసారే అడిగింది. ఆయన గొర్రెపిల్ల చెవిలో జోరీగను తీస్తూ, "ఏముంటాది మాట్లాడేకి" అని, చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు. సిగ్గు! ఏడ్చినవాడు సిగ్గుపడతాడు, లంచమిచ్చినవాడూ సిగ్గుపడతాడు. దాన్నిబట్టి ఏమీ తేలలేదు. ఆ రోజు గురించి తెగనిది ఇంకోటి కూడా ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక నాయన వంటింట్లో నీళ్ళకుండకు చెంప ఆనించి నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని, చాలాసేపు. అమ్మ, "ఏమొచ్చెప్పా నీకు, కుండకు ముద్దు పెడతాండావు" అని కసిరింది. అదెందుకో కూడా ఎవరికీ తెలియదు.

సీటు తొడుగు చిరిగి లోపలి నురుగు కనబడుతోంది. ప్లాస్టిక్ ఎప్పుడు తీసేశారో. ఎంతమంది రైతులు ఈ సీట్లో కూర్చుని ఉంటారు, చేలోకి దారి చూపిస్తూ, ఇట్ల సామీ, అట్ల సామీ, గట్టు మీద పోనీ సామీ. తలుపు పిడి దగ్గర వేళ్ళు రుద్దుకుని రుద్దుకుని నున్నగా, కొంచెం గుంటగా అరిగింది. చెయ్యి అక్కడ పెట్టింది, సరిగ్గా సరిపోయింది. వాళ్ళందరికీ చేతులు చెమట పట్టి ఉంటాయి. ఆమెకు కూడా పట్టింది. కోపం రావాలి కదా అని వెతుక్కుంది. ఉంది, అడుగున ఎక్కడో ఉంది, కానీ దానికన్నా ముందు ఇంకోటి తోసుకొస్తోంది, అడగాలి, ఆయన రాగానే అడగాలి. బండి కొన్నా కొనకపోయినా సరే, ఆ మాట తెలియకుండా ఈ సీట్లోంచి లేవను అనుకుంది.

స్కూటరు వచ్చి ఆగింది. రామలింగయ్య దిగి, సంచి భుజానికి తగిలించుకుని, మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఆమె అటువైపు సీట్లో ఉండడం చూసి నవ్వాడు.

"ఏమంటాండాది బండి?"

"ఆ సొట్ట యాడిది సామీ?"

"దాని కథ అడుగుతాండావా!" అన్నాడు ముసలాయన, తువ్వాలతో ముఖం తుడుచుకుని. "ఉరవకొండ అవతల ఒక పొట్టేలు గుద్దె. బండి కొన్న వారానికే. షెడ్డులో బాగు చేస్తామన్నారు. నేనే వద్దంటి."

"ఎందుకు?"

"ఏమో. ఉండనీలే అనిపించె."

"ఆ పొట్టేలు మాదే. నేను సుంకప్ప కూతురిని."

రామలింగయ్య కళ్ళద్దాలు తీశాడు, తుడవలేదు, మళ్ళీ పెట్టుకున్నాడు. డ్రైవరు వైపు తలుపు తీసి, కాళ్ళు బయటే పెట్టి, సీటు అంచున కూర్చున్నాడు. ఆమె అడిగింది. ఎన్నేళ్ళుగానో లోపల తిప్పుకున్న మాట కాబట్టి తడబడకుండా వచ్చింది. "ఆపొద్దు అద్దాలెక్కిచ్చుకొని మా నాయన నీతో ఏం మాట్లాడినాడు?"

"ఏం మాట్లాడలా," అన్నాడు ఆయన. "నీళ్ళు లేవప్పా అని చెప్పినా. సరే సామీ అన్నాడు. శానా మర్యాదగా అన్నాడు. నేను బండి కాడికి వస్తాంటే వెనకనే వచ్చి, దీంట్లో సల్లగాలి వస్తాదంట కదా సామీ, రోంతసేపు కూర్చోవచ్చునా అన్నాడు. అంతే తల్లీ. పంచె దుమ్ము దులుపుకొని ఎక్కినాడు, ప్లాస్టిక్ మాసిపోతాదని అంచునే కూర్చున్నాడు. అద్దాలెక్కిచ్చి ఏసీ పెట్టినా. కండ్లు మూసుకున్నాడు. ఎవురికీ చెప్పొద్దు సామీ, నగుతారు అన్నాడు."

"ఇంకేమనలా?"

"దిగేముందర ఒక మాటన్నాడు." ముసలాయన ముందు అద్దంలోంచి చెరువుకట్ట వైపు చూస్తున్నాడు. "నీళ్ళుండే చోట నేల లోపల ఇట్లే ఉంటాదేమో సామీ, అన్నాడు. అది ఇన్నాక నాకు బండి తిప్పుకొని పోబుద్ది కాలా. ఇంకోసారి చూస్తామని దిగినా."

"టెంకాయ లేచె. నేను చూసినా. అదే లేచిందా, నువ్వు లేపినావా?"

రామలింగయ్య తన కుడి అరచెయ్యి తెరిచి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్లు చూసుకున్నాడు. "ఆపొద్దునించి నేనూ అదే చూస్తాండా. నాకు తెల్లేదు తల్లీ. అబద్ధం చెప్తే నీకు నచ్చుతాదేమో గాని, తెల్లేదు."

ఆయన దిగి, చెట్టు మొదట్లో పోయి కూర్చున్నాడు, సంచిలో టెంకాయ పక్కన పెట్టుకుని. చౌడేశ్వరి కదల్లేదు. నీళ్ళకుండకు చెంప ఆనించుకున్న నాయన ఇన్నేళ్ళకు వంటింటి చీకట్లోంచి ఇవతలికొచ్చాడు. పిచ్చి నాయనా, అనుకుంది. ఇంత మాటకు సిగ్గుపడ్డావా? నవ్వుతామని భయపడ్డావా? నవ్వేవాళ్ళమే, అమ్మ అయితే ఊరంతా చెప్పి నవ్వేది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు, ముసలాయన ఇటు చూడడం లేదు. చేను పోయిన కోపం ఉన్నచోటే ఉంది, అది ఈ మాటతో పోయేది కాదు. కానీ బతుకంతా ఎండలో మంద వెనక నడిచిన మనిషికి ఒక చల్లటి కాసేపు దొరికిందంటే, అది ఈ సీటు అంచు మీదే దొరికింది. మూడు లక్షల్లో ఆ కాసేపు మీటరు కూడా తిరగలేదు, బండి నిలబడే ఉంది.

అవతలి సీట్లోకి జరిగింది. తాళం తిప్పింది. ఒక్కొక్క అద్దం ఎక్కించింది. ఏసీ మీట తిప్పితే మొదట దుమ్ము వాసన, పాత వేడి, ఏదో గిలగిల చప్పుడు. పోయిందేమో అనుకుంది. ఆపలేదు. గొర్రె పక్కన కూర్చున్నట్లు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట చెరువుకట్ట మీద ఎండ తెల్లగా కాగుతోంది, వేపాకు ఊగుతోంది గానీ చప్పుడు లేదు. కొంతసేపటికి గిలగిల తగ్గింది. మెడ దగ్గర ఏదో మారింది. చెయ్యి ఎత్తి గాలి వచ్చే చోట అడ్డంగా పెట్టింది, వేళ్ళు విడదీసి, వేళ్ళ సందుల్లోంచి చలి పోయేదాకా అలాగే పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచాక అద్దం దించి పిలిచింది. రామలింగయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి వచ్చాడు. వచ్చి అటూ ఇటూ చూశాడు, బేరానికి ఇంటి మగమనిషి ఎవరైనా వచ్చారేమోనని. రోడ్డు ఖాళీగా ఉంది.

"తువ్వాల ఇట్లియ్యి సామీ," అంది చౌడేశ్వరి.

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. భుజం మీది తువ్వాల తీసి, కిటికీ అంచు మీద పరిచి, దాని కింద చెయ్యి పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. వేళ్ళు తగలగానే ముసలాయన ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు.

"చెయ్యి శానా సల్లగుండాది తల్లీ," అన్నాడు.